మెడల్ ఉన్న ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉంది, ఆమెనూ అడగండి

మాజీ సైనికులకు సన్మాన సభలు జరిపే సంఘాల వారికి, రెండు తెలుగు రాష్ట్రాల సైనిక సంక్షేమ శాఖల అధికారులకు, బడి పుస్తకాల్లో వీరుల పాఠాలు రాసే పెద్దలకు నమస్కారాలు.

మిమ్మల్ని తప్పుపట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. జూలై 26న కార్గిల్ విజయ్ దివస్‌కీ, డిసెంబర్ 16న విజయ్ దివస్‌కీ శ్రమపడి సభలు పెట్టేది మీరే. నడవలేని ముసలివాళ్లకు కారు పంపించి, చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించి, శాలువా కప్పేది మీరే. మీరు కూడా పట్టించుకోకపోతే వాళ్లలో చాలామంది పేర్లు వాళ్ల వీధి దాటేవి కావు. అందుకే అడగాల్సింది మిమ్మల్నే అడుగుతున్నాను. మెడల్ తెచ్చుకున్న సైనికుడి గురించి మీరు చెప్పే కథ ఒక్క రాత్రితో మొదలై ఆ రాత్రితోనే అయిపోతోంది. ఆయన ఆ తర్వాత యాభై ఏళ్లు బతికాడు, ఆయన చుట్టూ ఒక కుటుంబం బతికింది, ఆ కుటుంబంలో వాళ్లను, ముఖ్యంగా ఆయన భార్యను, ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగడం లేదు.

మా తాతయ్యది 1971 యుద్ధం. మద్రాస్ సాపర్స్‌లో, అంటే బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో జవాను. సేనా మెడల్ వచ్చింది. ఆయన పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేది ఒక్క మా ఇంటి సంగతి కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, జనం మిలట్రీ మాధవరం అనే పిలిచే ఊరు, అక్కడికి వెళ్లి ఏ గడపలో అడిగినా ఇలాంటిదే ఒకటి చెబుతారు.

తాతయ్య ఉండగా ఒక సంస్థ వాళ్లు సన్మానానికి పిలిచారు. మైకు దగ్గర పరిచయం చేసినాయన "శత్రువుల ట్యాంకులను తునాతునకలు చేసిన యోధుడు" అన్నాడు. హాలంతా చప్పట్లు. తాతయ్య కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. ఆయన ఒక్క ట్యాంకునూ పేల్చలేదు, మన ట్యాంకులు వెళ్లడానికి దారి తీశారు. తర్వాత ఒక పిల్లాడి చేతికి మైకిచ్చి "తాతగారూ, మీరు ఎంతమందిని చంపారు?" అని అడిగించారు. "మా పని చంపడం కాదు నాన్నా, దారి తియ్యడం" అన్నారు తాతయ్య. ఎవరికీ ఆ మాట ఎక్కలేదు, వెంటనే దేశభక్తి పాట పెట్టేశారు. నాయనమ్మ వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఈమె ఆయన భార్య అని పరిచయం చేయడానికి కూడా ఎవరికీ తోచలేదు.

ఆ దారి తియ్యడం ఏమిటో కాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే ఇంజనీర్ల పని ఎప్పుడూ ఇలాగే కనబడకుండా పోతుంది. పశ్చిమ సరిహద్దులో, పాకిస్తాన్ వైపు శకర్‌గఢ్ సెక్టార్‌లో బసంతర్ నది ఉంది. అక్కడ శత్రువు నేలంతా మందుపాతరలు పాతిపెట్టాడు. 1971 డిసెంబర్ 15 రాత్రి మన పదాతి దళం నది దాటి అవతలి ఒడ్డు పట్టుకుంది. తెల్లారేలోగా వాళ్లకు ట్యాంకులు తోడు వెళ్లకపోతే నిలబడటం కష్టం, ట్యాంకులు వెళ్లాలంటే మందుపాతరల మధ్య దారి కావాలి. రోలర్లు బిగించిన ట్రాల్ ట్యాంకులు కొంత పని చేస్తాయి, మిగిలింది మనుషులు చెయ్యాలి. పొట్ట మీద పడుకుని సన్నటి ఇనుప చువ్వతో నేలను ఏటవాలుగా గుచ్చి చూడాలి. నిటారుగా గుచ్చితే సరిగ్గా మందుపాతర పైభాగానికి తగిలి పేలుతుంది. చువ్వకు ఏదైనా గట్టిగా తగిలితే ఆగి, వేళ్లతో చుట్టూ మట్టి తియ్యాలి. దారి అయిన మేరకు రెండు పక్కలా తెల్ల టేపు పరచుకుంటూ పోవాలి, చీకట్లో ట్యాంకు డ్రైవరుకు ఆ టేపే ఆధారం. ఇదంతా ఫిరంగి గుళ్లు మీద పడుతుండగా. ఆ యుద్ధంలో మందుపాతరలు తీయిస్తూనే చనిపోయిన ఇంజనీర్ల మేజర్ విజయ్ రతన్ చౌధరికి మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. దారి పూర్తిగా సిద్ధం కాకముందే పూనా హార్స్ అనే రెజిమెంటు ట్యాంకులు తెగించి ముందుకు వెళ్లాయి. ఆ రెజిమెంటు అధికారి, పరమవీర చక్ర పొందిన అరుణ్ ఖేతర్‌పాల్ డిసెంబర్ 16న 21 ఏళ్ల వయసులో ప్రాణం వదిలింది అక్కడే.

తాతయ్యకు ఆ రాత్రే తొడలో, భుజంలో ముక్కలు దిగాయి. యుద్ధం గురించి ఆయన చెప్పింది దాదాపు ఇంతే. మిగిలింది నాయనమ్మ దగ్గర ఉంది.

నాయనమ్మకు చదువు రాదు. తాతయ్య పటాలంలో ఉన్నన్నాళ్లూ ఇంటికి నెలనెలా మనియార్డరు వచ్చేది. ఈ తరం పిల్లలకు తెలియదు గనుక చెబుతున్నాను, ఆ ఫారం కింద చిన్న కూపన్ ఉండేది, డబ్బు పంపినవాళ్లు అందులో నాలుగు ముక్కలు రాసుకోవచ్చు. ఆ కూపన్ చింపి మనకిచ్చేవాళ్లు. పోస్టుమేన్ అరుగు మీద కూర్చుని దాన్ని బయటికి చదివేవాడు. అరుగు మీద అత్తగారు, మామగారు, ఇరుగుపొరుగు అందరూ ఉండేవాళ్లు. అందరి ముందూ చదువుతారని తెలుసు కాబట్టి తాతయ్య ఎప్పుడూ ఒకే రకంగా రాసేవారు. క్షేమం, పిల్లాడిని బడికి పంపు, అమ్మకు మందులు మానవద్దు, వర్షాలు పడ్డాయా. అంతే. తిరిగి రాయాలంటే ఊళ్లో టీచరు గారి భార్య దగ్గరికి వెళ్లి చెప్పి రాయించుకునేది. కవరు మీద ఆయన నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే సైన్యం పోస్టాఫీసు. ఆయన ఎక్కడున్నాడో ఆ అడ్రసు చెప్పదు. కశ్మీరులో ఉన్నా పంజాబులో ఉన్నా ఇంటికి తెలిసింది 56 ఏపీఓ ఒక్కటే.

1971 డిసెంబర్‌లో కూపన్ రాలేదు. రేడియోలో యుద్ధం అయిపోయిందన్నారు, ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందన్నారు, ఊళ్లో అందరూ సంబరపడ్డారు. మనియార్డరు మాత్రం రాలేదు. సంక్రాంతి దాటాక వచ్చింది. పోస్టుమేన్ ఎప్పట్లాగే చదివాడు, క్షేమం, పిల్లాడిని బడికి పంపు. అత్తగారు దేవుడికి దండం పెట్టుకుంది. నాయనమ్మ కూపన్ చేతిలోకి తీసుకుని చూసి "ఇది ఆయన రాత కాదు" అంది.

చదవడం రాని మనిషి అది. కానీ ఏళ్ల తరబడి ఆ కూపన్లు తీసి చూసుకుంటూ ఆయన అక్షరాల వంపు ఆమెకు తెలిసిపోయింది. ఆయన రాత ఎడమకు ఒరుగుతుంది, లైను చివరికొచ్చేసరికి కిందికి జారుతుంది, ఇది నిటారుగా ఉంది. పోస్టుమేన్ కొట్టిపారేశాడు, మామగారు కసిరారు. ఎవరు ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. నిజంగానే తాతయ్య అప్పుడు పఠాన్‌కోట్ మిలిటరీ ఆస్పత్రిలో ఉన్నారు, కుడి చెయ్యి కట్టులో ఉంది, పక్క మంచం మీద తెలుగు జవాను చేత ఆ మాటలు రాయించారు. ఇంట్లో టెన్షన్ పడతారని దెబ్బ సంగతి రాయొద్దన్నారట. లీవులో ఆయన ఇంటికి వచ్చేదాకా, దెబ్బ తగిలిందని ఆ ఇంట్లో నమ్మిన మనిషి నాయనమ్మ ఒక్కతే. ఆ నెలలు ఎలా గడిచాయో ఆమెను అడగండి. మెడల్ సైటేషన్‌లో, అంటే మెడల్ ఎందుకిచ్చారో చెప్పే కాగితంలో, అవేవీ ఉండవు.

కూపన్లన్నీ ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి, ఇనుప తీగకు గుచ్చినవి. మెడల్ అంచు మీద తాతయ్య నంబరు, పేరు ఉంటాయి, ఎర్ర రిబ్బనుకు నడుమ తెల్ల గీత. దాని పక్కనే పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. మీ సంస్థల నుంచి ఎగ్జిబిషన్ కోసమని వచ్చినవాళ్లు వీటికి ఫొటోలు తీసుకున్నారు. తీగకు గుచ్చిన కూపన్లు చూసి ఇవేమిటి అని అడిగినవాళ్లు లేరు.

తర్వాతి జీవితం సంగతి కూడా అంతే. సిపాయికి పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంటే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు చేరినవాడు ముప్పై అయిదు దాటీ దాటకముందే మాజీ అవుతాడు. మా తాతయ్య ఇంటికొచ్చేసరికి మా నాన్నకు ఆయన దాదాపు కొత్త మనిషి, ఏడాదికి రెండు నెలలు వచ్చి వెళ్లే చుట్టం లాంటివాడు. వాళ్లిద్దరి మధ్యా చనువు రావడానికి ఇంకో పదేళ్లు పట్టిందని నాన్నే చెబుతారు. తాతయ్య ఒక బ్యాంకులో గార్డుగా చేరి, తుపాకీ పట్టుకుని గుమ్మం దగ్గర రిటైరయ్యేదాకా నిలబడ్డారు. పాస్‌బుక్ పట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లలో ఎవరికీ ఆయనకు సేనా మెడల్ ఉందని తెలియదు, ఆయనా చెప్పుకోలేదు. నిద్రలో ఆయన్ను ఎవరూ ముట్టుకుని లేపకూడదు, మాకు చిన్నప్పుడే నేర్పిన నియమం. నాయనమ్మ గుమ్మం బయట నిలబడి పేరు పెట్టకుండా "ఏవండీ, ఏవండీ" అని పిలిచి, ఆయన కళ్లు తెరిచి పలికాకే లోపలికి వెళ్లేది. చివరి దాకా అలాగే. దీనికి పెద్ద పేర్లేవో ఉన్నాయని నాకు చాలా తర్వాత తెలిసింది. నాయనమ్మకు ఏ డాక్టరూ చెప్పలేదు, తనే కనిపెట్టుకుంది.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చిన 25,000 మందికి పైగా సైనికుల పేర్లు అక్కడ గోడల మీద చెక్కారు. నేను వెళ్లి చూశాను, మాట రాలేదు. కానీ యుద్ధం చేసి, గాయపడి, తిరిగొచ్చి, మంచం మీద కన్నుమూసినవాళ్ల పేర్లు ఆ గోడల మీద ఉండవు, ఉండాలని నేను అడగడం కూడా లేదు. వాళ్లకున్న చోటల్లా ఇంట్లోవాళ్ల జ్ఞాపకమే. ఆ జ్ఞాపకానికి ఇప్పుడు డెబ్బై అయిదూ, ఎనభై ఏళ్లు. 1965లో, 1971లో పోరాడినవాళ్లూ వాళ్ల భార్యలూ రోజురోజుకూ తగ్గిపోతున్నారు. నాకు తొందర అందుకే.

మనకు బాగా తెలిసిన పేర్లనే తీసుకోండి. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడయ్యారు. 2021 నవంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా మహావీర చక్ర అందుకోవడానికి వచ్చింది ఆయన తల్లి, భార్య. టీవీలో ఆ నిమిషం చూసినప్పుడు ఏడవనివాళ్లు తక్కువ. హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్‌లో కార్గిల్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరం చాలామందికి తెలుసు. తండ్రి వైమానిక దళంలో చేసినవారు. గర్భిణిగా ఉన్న నా భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పండి, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుంది అని అందులో కోరారు. కూతురు పుట్టేసరికి ఆయన లేరు. ఆయనకు వచ్చిన మహావీర చక్ర అందరికీ గుర్తుంది. కోడలి పక్కన కూర్చుని కథ చెప్పాల్సిన ఆ మామగారి మనసు ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇందాక చెప్పిన అరుణ్ ఖేతర్‌పాల్ తండ్రి కూడా సైన్యంలో ఇంజనీరే, బ్రిగేడియర్. ఆయన 2001లో తన పుట్టిన ఊరు చూసుకోవడానికి పాకిస్తాన్ వెళ్తే, ఆతిథ్యం ఇచ్చిన పాకిస్తానీ బ్రిగేడియరే ఒక రాత్రి, ఆ రోజు మీ అబ్బాయి ట్యాంకుకు ఎదురుగా ఉన్నది నేనే అని చెప్పాడు. బసంతర్ దగ్గర యుద్ధం ఆగి అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు. ఇంట్లో అది ఆగదు.

పరమవీర చక్ర అబ్దుల్ హమీద్ గురించి చిన్నప్పుడే చదివాం, 1965లో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో జీపు మీది తుపాకీతో ప్యాటన్ ట్యాంకులను పేల్చిన వీరుడు. 1966 జనవరి 26న ఆ మెడల్ అందుకున్నది ఆయన భార్య రసూలన్ బీబీ. ఆవిడ 2019 దాకా ఉన్నారు. అంటే అర్ధ శతాబ్దానికి పైగా ఆ పేరును మోసింది ఆవిడ. మన పాఠంలో ఆ యుద్ధం ఉంది, ఆవిడ గురించి ఒక్క వాక్యమైనా నేను చదువుకున్నట్టు గుర్తులేదు.

ప్రభుత్వ నిబంధనల్లో కూడా భార్య మాట చాలాకాలం చిత్రంగానే ఉండేది. గాలంట్రీ అవార్డులకు, అంటే శౌర్య పతకాలకు, నెలనెలా భత్యం ఇస్తారు. 2017లో దాన్ని రెట్టింపు చేశారు, పరమవీర చక్రకు 20,000, మహావీర చక్రకు 10,000, వీర చక్రకు 7,000, సేనా మెడల్‌కు 2,000 రూపాయలు. సైనికుడు పోతే ఆ భత్యం భార్యకు వస్తుంది. కానీ ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది, చనిపోయిన భర్త సోదరుణ్ణి చేసుకుంటే తప్ప. 2017 నవంబర్ దాకా ఇదే నియమం! పాతికేళ్లకే భర్తను పోగొట్టుకున్న ఆడపిల్ల మరిదినే చేసుకుంటేనే వీరుడి భార్యగా లెక్క అన్నమాట. దాన్ని తీసేశారు, సంతోషం. తీసేయడానికి అన్ని దశాబ్దాలు ఎందుకు పట్టిందంటే, నాకు తోచేది ఒక్కటే, ఆ ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. అసలు ఆ మెడల్ వెనకే ఒక ఆడమనిషి ఉంది. పరమవీర చక్ర నమూనా గీసింది సావిత్రీ ఖానోల్కర్ అనే ఆవిడ, స్విట్జర్లాండ్‌లో పుట్టి మన సైన్యాధికారిని పెళ్లాడి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మొట్టమొదటి పరమవీర చక్ర మేజర్ సోమనాథ్ శర్మకు వచ్చింది, ఆయన ఆవిడ అల్లుడికి సొంత అన్నదమ్ముడు. మొదటి మెడలే తిరిగి ఆవిడ వియ్యపురాలి ఇంటికి చేరింది, కొడుకు లేకుండా.

ఇక అడగాల్సింది సూటిగా అడుగుతాను. సభకు పిలిచే ముందు రోజు ఎవరినైనా ఆ ఇంటికి పంపండి, ఒక ఫోనుతో చాలు. సైనికుడు ఉంటే ఆయనతో, ఆయన భార్యతో విడివిడిగా కూర్చుని మాట్లాడి రికార్డు చేయండి. విడివిడిగా అని గట్టిగా చెబుతున్నాను, ఆయన పక్కన ఉంటే మా నాయనమ్మ లాంటివాళ్లు "ఆయన్నే అడగండి" అంటారు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు 2000 నుంచి ఇదే పని చేస్తున్నారు, మాజీ సైనికుల మాటలు వాళ్ల గొంతులోనే రికార్డు చేసి భద్రపరుస్తారు, కనీసం అరగంట ఉండాలంటారు. ప్రాణాలు కోల్పోయిన సైనికుల కుటుంబాల మాటలు కూడా తీసుకుంటారు. మన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో మాజీ సైనికుల, వితంతువుల జాబితాలు ఉండనే ఉన్నాయి. వాటిని పింఛను కాగితాలకూ ఐడీ కార్డులకూ వాడుతున్నట్టే దీనికీ వాడండి, ముందు 1965, 1971 వాళ్లతో మొదలుపెట్టండి. ఎన్‌సీసీ పిల్లలకు కాస్త నేర్పిస్తే చక్కగా చేస్తారు. రికార్డు చేసినవి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ లాంటి చోట ఉంచితే ఎప్పటికైనా ఎవరికైనా దొరుకుతాయి. డిశ్చార్జి బుక్కు, ఫొటోలు, ఉత్తరాలు, కూపన్లు ఏవైనా సరే అక్కడే స్కాన్ చేసుకుని అసలువి ఇంట్లోవాళ్ల చేతికే ఇచ్చేయండి. ఎగ్జిబిషన్‌కని తీసుకెళ్లినవి తిరిగిరాని ఇళ్లు నాకు తెలుసు.

పరిచయం చేసేముందు సైటేషన్ ఒకసారి చదవండి. వంటవాడు, డ్రైవరు, సిగ్నల్ జవాను, సాపర్, ఎవరు చేసిన పని వాళ్లకు చెప్పండి, అందరి చేతా ట్యాంకులు పేల్పించొద్దు. ఎంతమందిని చంపారని పిల్లల చేత అడిగించొద్దు. దయచేసి. ఆ ప్రశ్న విన్న రాత్రి మా తాతయ్య పడుకోలేదు. భార్యను కూడా వేదిక మీదికి పిలవండి, ఆహ్వానం మీద ఆమె పేరు ఆమె పేరుగానే వేయండి. పాఠాలు రాసేవారికి ఒక్క మనవి, యుద్ధం ఒక పేజీ రాస్తే ఇల్లు కనీసం ఒక పేరా రాయండి, పిల్లలకు అదే ఎక్కువ గుర్తుంటుందని నా నమ్మకం.

మా నాయనమ్మ మాట్లాడటానికి ఒప్పుకుంది. చెవి కాస్త మందం, పక్కనే కూర్చుని అడగాలి, పొద్దున పూట అయితే ఓపిగ్గా చెబుతుంది. కూపన్లన్నీ తేదీల వారీగా స్కాన్ చేసి పెట్టాం. ఎవరికి ఇవ్వాలో చెప్పండి చాలు, నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
1971 యుద్ధంలో పోరాడిన ఒక సాపర్ మనవరాలు